జైలు గేటుకు ఇవతల మొదలయ్యే ఉద్యోగం

వృత్తి – జీవిక

భిలాయి వంటి ఉక్కు నగరంలో కొత్తగా పరిచయమైన మనిషిని "ఏం చేస్తుంటారు?" అని అడగరు, "ఏ డిపార్టుమెంటు?" అని అడుగుతారు. బ్లాస్టు ఫర్నేసా, కోక్ ఓవెన్లా, రైలు మిల్లా అన్నది తెలిస్తే సగం మనిషి తెలిసినట్లే. ఏ సెక్టారులో క్వార్టరో కూడా తెలిస్తే తక్కిన సగమూ తెలిసిపోతుంది. ఈ రెండు ప్రశ్నలకూ జవాబు చెప్పలేని మనుషులు కొందరు, పక్కనే ఉన్న దుర్గ్ పట్టణంలోని కేంద్ర కారాగారం నుండి వెలుపలికి వస్తుంటారు. చేతిలో విడుదల కాగితం, ఒక గుడ్డసంచి, లోపల పని చేసి ఉంటే కూడబెట్టిన కొద్దిపాటి కూలి. శిక్ష ముగిసింది. కాని ఆ సాయంత్రం ఎవరి గుమ్మం తట్టాలి, మరునాడు ఏ పనికి పోవాలి అన్న ప్రశ్నలు అప్పుడే మొదలవుతాయి.

ఆ ప్రశ్నలకు సమాధానం వెదకడమే వృత్తిగా గలవారు కొందరు ఉన్నారు. వారిని ప్రొబేషన్ అధికారులనీ, జైలు సంక్షేమాధికారులనీ, పునరావాస సలహాదారులనీ వివిధ నామాలతో వ్యవహరిస్తారు. పాశ్చాత్య దేశాలలో ఇది బాగా స్థిరపడిన వృత్తి. మన దేశంలో ఉద్యోగాలు కొద్ది, చేయవలసిన పని కొండంత. అయినా ఈ వృత్తి మనకు పరాయిది కాదు. డెబ్బయి ఏళ్ళ క్రితమే మన చట్టం దీనికి కుర్చీ వేసి ఉంచింది. అందులో కూర్చునే యోగ్యులే కరువయ్యారు. ఈ నెల ఆ కుర్చీని గురించి, అందులో కూర్చోదలచినవారికి కావలసిన అర్హతలను గురించి తెలుసుకొందాం.

బూట్లు కుట్టేవాడి పూచీకత్తు

ఈ వృత్తికి ఆద్యుడు న్యాయవాది కాడు, పోలీసు అధికారి కాడు. అమెరికాలోని బోస్టన్ నగరంలో బూట్లు తయారు చేసుకొని జీవించే జాన్ అగస్టస్. 1841 ఆగస్టులో ఒక ఉదయం ఆయన పోలీసు కోర్టులో ఉండగా, తాగుబోతుతనం నేరం మీద ఒక వ్యక్తిని తీసికొని వచ్చారు. అగస్టస్ అతనితో కాసేపు మాట్లాడి, మనిషి మారగలడని నమ్మకం కుదిరిన మీదట, తానే పూచీపడి విడిపించాడు. మూడు వారాల తరువాత అతడు తిరిగి కోర్టుకు వచ్చినప్పుడు న్యాయమూర్తి గుర్తుపట్టలేకపోయినంతగా మారి ఉన్నాడు. ఖర్చులు కాక ఒక సెంటు జరిమానాతో ఆ కేసు ముగిసింది.

1859లో మరణించేనాటికి అగస్టస్ ఆ విధంగా దాదాపు రెండువేల మందికి అండగా నిలిచాడు. ఆయన పద్ధతి సులభమైనదే. పూచీపడేముందు నిందితుని వయస్సు, గతచరిత్ర, చుట్టూ ఉన్న మనుషులు ఎటువంటివారో విచారించేవాడు. విడిపించిన తరువాత నిలువ నీడ, చేసేందుకు పని చూపేవాడు. ఎప్పటికప్పుడు కోర్టుకు నివేదించేవాడు. నేటికీ ఈ వృత్తి ఈ మూడు కాళ్ళ మీదనే నిలిచి ఉన్నది: విచారణ, ఆసరా, నివేదిక. ఆయన పనిచేసిన మసాచుసెట్స్ రాష్ట్రం 1878లో దీనిని చట్టంగా చేసి, జీతం ఇచ్చి మనిషిని నియమించే ఏర్పాటు చేసింది.

చట్టం వేసిన కుర్చీ

భిలాయి ఉక్కు కర్మాగారానికి సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది 1955 ఫిబ్రవరి 2న. మొదటి బ్లాస్టు ఫర్నేసును రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ ప్రారంభించింది 1959 ఫిబ్రవరి 4న. ఆ ఒప్పందానికి ముందే, అంటే 1954లోనే, నాగపూరు రాజధానిగా ఉన్న అప్పటి మధ్యప్రదేశ్ రాష్ట్రం ఖైదీలను ప్రొబేషన్ మీద విడుదల చేసేందుకు ఒక చట్టం చేసింది. దుర్గ్ జిల్లా అప్పుడు ఆ రాష్ట్రంలోనే ఉండేది. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ ఏర్పడినప్పుడు తక్కిన చట్టాలతోపాటు ఇదీ కొత్త రాష్ట్రానికి సంక్రమించింది.

ఆ చట్టం చెప్పేది ఇది. ఖైదీ పూర్వచరిత్రను, జైలులో అతని ప్రవర్తనను చూచి, విడుదల చేస్తే నేరం జోలికి పోక శాంతియుతంగా జీవించగలడని ప్రభుత్వానికి తోస్తే, లైసెన్సు ఇచ్చి గడువుకు ముందే వెలుపలికి పంపవచ్చు. కాని అతడు ఒక ప్రభుత్వాధికారి పర్యవేక్షణలోనో, ఒక వ్యక్తి లేక సంస్థ పర్యవేక్షణలోనో ఉండాలి. ఆ వ్యక్తి గాని, సంస్థ గాని అతని బాధ్యత స్వీకరించేందుకు సుముఖంగా ఉండాలి. మొత్తం చట్టానికి ఇరుసు ఈ చివరి మాటే. ఖైదీ ఎంత మారినా, ప్రభుత్వం ఎంత దయతలచినా, "ఇతని బాధ్యత నాది" అని ముందుకు వచ్చే మనిషి లేకపోతే బండి కదలడం కష్టం.

1958లో పార్లమెంటు దేశమంతటికీ వర్తించేటట్లు నేరస్థుల ప్రొబేషన్ చట్టం చేసింది. దీని ప్రకారం తగిన కేసులలో కోర్టు దోషిని జైలుకు పంపకుండా మందలించి విడిచిపెట్టవచ్చు; లేదా సత్ప్రవర్తన మీద బాండు వ్రాయించుకొని, ప్రొబేషన్ అధికారి కనుసన్నలలో ఉంచవచ్చు. ఆ అధికారి విధులలో ముఖ్యమైనవి: నిందితుని ఇంటి పరిస్థితులను విచారించి కోర్టుకు తెలపడం, విడుదలైనవారిని పర్యవేక్షించడం, అవసరమైతే వారికి తగిన ఉపాధి వెదికే ప్రయత్నం చేయడం. ఉద్యోగం వెదకి పెట్టడం దయాధర్మం అని చాలామంది అనుకొంటారు. అది చట్టం అప్పగించిన విధి.

అదే చట్టం 13వ సెక్షను ఈ వృత్తి ఆశించేవారు ప్రత్యేకంగా చదవదగినది. ప్రొబేషన్ అధికారి ప్రభుత్వం నియమించినవాడో, గుర్తించినవాడో కావచ్చు. ప్రభుత్వ గుర్తింపు పొందిన ఒక సంఘం పంపినవాడు కావచ్చు. అసాధారణ సందర్భాలలో, తగినవాడని కోర్టు భావించిన మరే వ్యక్తి అయినా కావచ్చు. అంటే ప్రభుత్వోద్యోగం లేనివారికి కూడా ఇందులో స్థానం ఉన్నదన్నమాట.

ఒక కేసు ఊహించుకొందాం

చట్టం కాగితం మీద ఒక విధంగా, మనిషి జీవితంలో మరొక విధంగా కనిపిస్తుంది. ఒక కల్పిత ఉదాహరణ తీసికొందాం. ఉత్తరాంధ్ర నుండి భిలాయికి వలస వచ్చిన కుటుంబంలోని కుర్రవాడు. వయస్సు ఇరవై. ఒక కాంట్రాక్టరు కింద రోజుకూలి. రోడ్డు పక్కన పడి ఉన్న రాగి కేబులు తీసి అమ్మబోతూ పట్టుబడ్డాడు. ఇదే మొదటి నేరం.

కేబులు విలువ అయిదువేల రూపాయలకు లోపు అనుకొందాం. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత ప్రకారం, మొదటిసారి దోషిగా తేలినవాడు వస్తువును గాని, దాని విలువను గాని తిరిగి ఇచ్చివేస్తే శిక్ష సమాజ సేవ. వేతనం లేకుండా, నలుగురికీ ఉపయోగపడే పని చేయాలి. మన శిక్షాస్మృతిలో ఇది కొత్త శిక్ష. ఏ పని, ఎక్కడ, ఎవరి పర్యవేక్షణలో, సక్రమంగా చేశాడని ధ్రువపరిచేది ఎవరు? ఆసుపత్రినీ, పురపాలక సంఘాన్నీ, కోర్టునూ కలిపి ఈ ఏర్పాటు నడపగల మనుషులు ప్రతి జిల్లాకూ కావలసి వస్తారు.

విలువ అంతకంటె ఎక్కువ అనుకొందాం. కుర్రవానికి ఇరవై ఒకటి నిండలేదు. నేరం యావజ్జీవ శిక్ష పడేది కాదు. అటువంటప్పుడు, ప్రొబేషన్ మీద విడవడం తగదని కోర్టు కారణాలు వ్రాస్తే తప్ప జైలు శిక్ష వేయరాదని 1958 చట్టం చెబుతున్నది. ఆ నిర్ణయానికి ముందు కోర్టు ప్రొబేషన్ అధికారి నివేదిక తెప్పించుకోవాలి. అధికారి ఆ ఇంటికి వెళ్ళాడా? తల్లితో, పని ఇచ్చిన మేస్త్రీతో మాట్లాడాడా? అచ్చుకాగితం మీద నాలుగు గీతలు గీసి పంపాడా? కుర్రవాని భవిష్యత్తు ఆ రెండు పుటల మీద వ్రేలాడుతుంటుంది.

అసలు విచారణే మొదలు కాలేదు, జామీనుకు డబ్బు లేదు, జైలులోనే ఉన్నాడు అనుకొందాం. ఇది అరుదైన సంగతి కాదు. 2022 డిసెంబరు చివరికి దేశంలోని జైళ్ళలో 5,73,220 మంది ఉండగా, వారిలో 4,34,302 మంది విచారణ ఖైదీలు. అంటే ప్రతి నలుగురిలో ముగ్గురు. మొదటిసారి నేరారోపణకు గురైన విచారణ ఖైదీ ఆ నేరానికి గల గరిష్ఠ శిక్షలో మూడవ వంతు కాలం జైలులో గడిపితే, మరణశిక్ష, యావజ్జీవ శిక్షలు పడదగిన నేరాలు తప్ప తక్కినవాటిలో, బాండు మీద విడుదల చేయాలని కొత్త నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షను నిర్దేశిస్తున్నది. వేరే కేసులు పెండింగులో ఉన్నవారికి ఇది వర్తించదు. పేద ఖైదీల జామీనుకు నలభైవేల రూపాయల వరకు, జరిమానాకు ఇరవై అయిదువేల వరకు సాయపడే కేంద్ర పథకం 2023లో వచ్చింది. అర్హులెవరో లెక్కగట్టి, కాగితాలు సిద్ధం చేసి, జిల్లా సంఘం ముందు పెట్టేవారు లేకపోతే ఇటువంటి పథకం ఫైలులోనే నిద్రపోతుంది.

ఇల్లు, కొలువు, కాగితం

విడుదలైన మనిషికి మొదటి నెలలో మూడు అవసరాలు. మూడూ ఒకదానితో ఒకటి చిక్కుపడి ఉంటాయి. ఉక్కు నగరంలో ఈ చిక్కు మరీ గట్టిది. ప్రభుత్వ రంగ సంస్థల టౌన్‌షిప్పులో క్వార్టరు ఉద్యోగాన్ని అంటిపెట్టుకొని ఉంటుంది. ఉద్యోగం పోతే ఇల్లూ పోతుంది; ఇంటితోపాటు పిల్లల బడి, ఇరుగుపొరుగు, చిరునామా అన్నీ పోతాయి. చిరునామా లేనివాడు ఏ దరఖాస్తు నింపగలడు?

కాగితాల సంగతి వెలుపలివారికి అంతుబట్టదు. రెండేళ్ళు లావాదేవీలు లేకపోతే బ్యాంకు ఖాతా స్తంభించిపోతుంది. వాడకంలో లేని ఫోను నంబరు రద్దయి వేరొకరికి పోయి ఉంటుంది. ఆధారు, బ్యాంకు, ప్రావిడెంటు ఫండు అన్నీ ఆ పాత నంబరుకే సంకేతం పంపుతుంటాయి. కష్టపడి సంపాదించుకొన్న భవిష్యనిధి సొమ్ము కళ్ళ ఎదుటే ఉంటుంది, చేతికి రాదు. నేర్పరి అయిన సంక్షేమాధికారి ఈ పని విడుదలకు మూడు నెలల ముందే మొదలుపెడతాడు. ఏ కార్యాలయంలో ఏ గుమాస్తా వద్ద ఏ ఫారం దొరుకుతుందో అతనికి కంఠతా వచ్చి ఉండాలి.

కొలువు వద్ద అసలు గోడ ఎదురవుతుంది. పెద్ద కర్మాగారాలలో కాంట్రాక్టు కూలికి గేటు పాసు కావాలన్నా పోలీసు ధ్రువీకరణ అడగడం పరిపాటి. ఇక్కడ సలహాదారుకు న్యాయ పరిజ్ఞానం అక్కరకు వస్తుంది. 1958 చట్టం కింద మందలింపు మీద గాని, ప్రొబేషన్ మీద గాని విడుదలైనవానికి, దోషిగా తేలినందువలన ఇతర చట్టాల కింద కలిగే అనర్హత అంటదని 12వ సెక్షను అంటున్నది. అంతమాత్రాన నేరనిర్ణయమే తుడిచిపెట్టుకొని పోదనీ, ఆ ప్రవర్తనను యజమాని పరిగణించవచ్చుననీ సుప్రీంకోర్టు 1975లోను, 1990లోను తీర్పులు చెప్పింది. ఈ రెండు అంశాలూ తెలియకుండా మాట ఇచ్చే సలహాదారు ఖైదీని మరొక గోతిలోకి తోసినవాడవుతాడు.

అటెస్టేషన్ ఫారంలో కేసు సంగతి దాచవచ్చునా అని చాలామంది అడుగుతారు. దాచరాదు. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయం మీద మార్గసూత్రాలు ఇచ్చింది. కేసు దాచితే ఆ దాపరికమే ఉద్యోగం తొలగించడానికి కారణం కాగలదు. చిన్న వయస్సులో జరిగిన అల్పమైన నేరమైతే యజమాని క్షమించే వీలున్నది. నిజం చెప్పినా ఉద్యోగం ఇచ్చి తీరాలని నిర్బంధం లేదు. అయినా నిజం చెప్పినవాని పక్షాన వాదించడానికి ఆధారం ఉంటుంది. ఆ వాదన వినిపించే లేఖ వ్రాయడం సలహాదారు పని.

వినే యజమానులు లేకపోలేదు. బ్రిటన్‌లో పాదరక్షలు బాగుచేసి, తాళంచెవులు కోసే టింప్సన్ అనే దుకాణాల సంస్థ జైలు నుండి వచ్చినవారిని ఏరికోరి పనిలో పెట్టుకొంటుంది. ఆ సంస్థ అధిపతి జేమ్స్ టింప్సన్‌ను 2024లో ఆ దేశ ప్రభుత్వం జైళ్ళ శాఖ మంత్రిగా తీసికొన్నది. బోస్టన్‌లో బూట్లు కుట్టేవాని నుండి ఇంగ్లండులో బూట్లు బాగుచేసేవారి వరకు, ఈ విద్య చేతివృత్తులవారికే ముందుగా పట్టుబడినట్లున్నది. హైదరాబాదులో చంచల్‌గూడ కారాగారం వద్ద జైళ్ళ శాఖ నడిపే పెట్రోలు బంకులో ఖైదీలే పనిచేస్తారు. అక్కడ పెట్రోలు పోయించుకొని పోయేవారు భయపడరు. నలుగురి కళ్ళ ముందు పని చేసే మనిషిని చూస్తే సంకోచం దానంతట అదే తగ్గుతుంది.

తెలుగునాట నేర్చిన పాఠాలు

వలస వచ్చిన తెలుగు కుటుంబాలు ఏ ఊరిలో ఉన్నా, పెద్దలకు స్టూవర్టుపురం పేరు తెలిసే ఉంటుంది. నేరస్థ జాతుల చట్టం కింద పుట్టుకతోనే నేరస్థులుగా ముద్రపడిన ఎరుకల కుటుంబాలను ఒకచోట నిలిపేందుకు, ఒక శతాబ్దానికి పూర్వం నేటి బాపట్ల జిల్లాలో ఆ సెటిల్‌మెంటు వెలసింది. మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టూవర్టు పేరు దానికి పెట్టారు. నిర్వహణ సాల్వేషన్ ఆర్మీ చేపట్టింది. భూమి ఇచ్చారు, బడి పెట్టారు, చీరాల పొగాకు కంపెనీలో పని చూపారు. ఇల్లు, కొలువు ఉన్నాయి. కాని హాజరు పిలుపులు, అనుమతి చీటీలు కూడా ఉన్నాయి. చట్టం 1952లో రద్దయినా ముద్ర పోలేదు. ఎక్కడ దొంగతనం జరిగినా ఆ ఊరి మీదనే అనుమానం.

1970ల మధ్యకాలంలో కవి గుర్రం జాషువా కుమార్తె హేమలతా లవణం, ఆమె భర్త, విజయవాడ నాస్తిక కేంద్రానికి చెందిన లవణం ఆ ఊరికి వెళ్ళి పనిచేశారు. వారు ప్రజల ఇళ్ళలోకి వెళ్ళి మాట్లాడారు. నేరవృత్తి మానదలచినవారికీ పోలీసులకూ, ప్రభుత్వానికీ మధ్య నిలిచారు. పిల్లల చదువు, పెద్దల జీవనోపాధి పట్టించుకొన్నారు. తరువాత వారి ‘సంస్కార్’ సంస్థ ఆ కృషిని కొనసాగించింది. ఈ వృత్తి చేపట్టేవారికి స్టూవర్టుపురం రెండు పాఠాలు నేర్పుతుంది. నిఘాయే ప్రధానమైనచోట భూమీ, పనీ ఇచ్చినా మనిషి నిలదొక్కుకోలేడు. నమ్మకం గల మధ్యవర్తి ఒకరు దొరికితే రెండు పక్షాలూ మెత్తబడతాయి.

గోడలు లేని జైలు కూడా మనకు కొత్త కాదు. రాజస్థాన్‌లోని సాంగానేరులో 1963లో, అనంతపురం సమీపంలోని రెడ్డిపల్లెలో 1965లో బహిరంగ కారాగారాలు వెలిశాయి. సాంగానేరులో ఖైదీలు కుటుంబాలతో కలిసి నివసిస్తూ, వెలుపల పని చేసుకొని, తమ పోషణ తామే చూచుకొంటారు. అప్పటికి భిలాయి కూడా అంతర్భాగమైన మధ్యప్రదేశ్‌లో, 1972లో జయప్రకాశ్ నారాయణ్ ఎదుట లొంగిపోయిన చంబల్ దోపిడీదారుల కోసం మరుసటి ఏడాది ముంగావలీలో బహిరంగ శిబిరం తెరిచారు. అటువంటివారిని గోడలు లేనిచోట ఉంచగలిగినప్పుడు, రాగి తీగ దొంగిలించిన కుర్రవానికి అవకాశం ఇవ్వడానికి జంకవలసిన పని లేదు.

ఏమి చదవాలి, ఎక్కడ చేరాలి

ఈ వృత్తికి రాజమార్గం సామాజిక సేవాశాస్త్రంలో మాస్టరు డిగ్రీ. ముంబాయిలో 1936లో వెలసిన టాటా సామాజిక శాస్త్రాల సంస్థ నేరశాస్త్రం, దిద్దుబాటు సేవల బోధనలో పేరుగాంచింది. ఖైదీల పునరావాసం కోసం 1990లో అక్కడే మొదలైన ‘ప్రయాస్’ క్షేత్రకార్యక్రమం ఎందరో విద్యార్థులకు తొలి శిక్షణాలయం. తెలుగు విద్యార్థులకు విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సామాజిక సేవాశాస్త్ర శాఖ ఉన్నది. న్యాయశాస్త్రం, మనస్తత్వశాస్త్రం చదివినవారు కూడా రాణించగలరు. దక్షిణాది రాష్ట్రాలు కలిసి 1979లో వేలూరులో నెలకొల్పిన సంస్థ ఇప్పటికే జైళ్ళ శాఖలో ఉన్న సిబ్బందికి శిక్షణ ఇస్తుంది.

ఉద్యోగాలు నాలుగు చోట్ల ఉంటాయి. మొదటిది ప్రొబేషన్ శాఖ. రెండవది జైలులోని సంక్షేమాధికారి, సలహాదారు పదవులు. మూడవది బాలల న్యాయచట్టం కింద జిల్లా బాలల సంరక్షణ విభాగాలలో ఉండే న్యాయ, ప్రొబేషన్ అధికారి పదవి. నాలుగవది స్వచ్ఛంద సంస్థలు. ప్రభుత్వ నియామకాలు ఎప్పుడో ఒకసారి వస్తాయి. వచ్చిన ప్రకటనను వదలుకోరాదు. జస్టిస్ ముల్లా అధ్యక్షతన 1980లో ఏర్పడిన జైలు సంస్కరణల సంఘం ఈ రంగానికి ఐ.ఏ.ఎస్. తరహాలో ఒక అఖిల భారత సర్వీసు కావాలని 1983లో సిఫారసు చేసింది. అది నేటికీ కార్యరూపం దాల్చలేదు.

డిగ్రీకి ముందే ఈ పని రుచి చూడదలచినవారు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్ళి, పారా లీగల్ వాలంటీరుగా చేరడానికి దరఖాస్తు చేయవచ్చు. ఒక ఏడాది జైలు లీగల్ క్లినిక్కులో అర్జీలు వ్రాసిపెడితే, ఈ వృత్తికి తాము తగుదురో లేదో తమకే బోధపడుతుంది. భిలాయి వంటి ఊరిలో పెరిగినవారికి ఒక సహజమైన పెట్టుబడి ఉన్నది: భాషలు. దుర్గ్ జైలులో హిందీతోపాటు ఛత్తీస్‌గఢీ తెలిసినవాడు ఖైదీ తల్లితో ఆమె మాటలోనే మాట్లాడగలడు. దానికి తెలుగు, ఒడియా తోడైతే వలస కార్మికుల ఇళ్ళ తలుపులూ తెరుచుకొంటాయి.

సలహాదారు అనిపించుకోవాలంటే

స్వతంత్ర సలహాదారు కావాలన్న కోరిక పట్టా పుచ్చుకొన్న మరునాడే తీరేది కాదు. పది సంవత్సరాలు క్షేత్రంలో నలిగినవారి మాటకే విలువ. అటువంటివారికి పని ఎక్కడ? జైలు పరిశ్రమల ఉత్పత్తిని, నాణ్యతను మెరుగుపరచడంలో. ఖైదీలకు ఏ వృత్తిశిక్షణ ఇస్తే వెలుపల కూలి దొరుకుతుందో తేల్చడంలో. సమాజ సేవ శిక్ష అమలుకు పద్ధతులు రూపొందించడంలో. చేసిన కార్యక్రమం ఫలించిందో లేదో లెక్కతేల్చడంలో. 2013 కంపెనీల చట్టం ప్రకారం నిర్ణీత పరిమాణం దాటిన కంపెనీలు సగటు లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యత కింద వెచ్చించాలి. వృత్తిశిక్షణ అందులోకి వస్తుంది. ఉక్కు నగరంలో వెల్డింగు, ఫిట్టింగు నేర్పేవారికి కొదువ లేదు. జైలు గోడకు అటు ఉన్న చేతులను, ఇటు ఉన్న విద్యను కలిపే పథకం వ్రాయగలవారే తక్కువ.

ఫలితం తూచడం ఈ వృత్తికి ప్రాణం. 1974లో రాబర్ట్ మార్టిన్‌సన్ అనే అమెరికన్ పరిశోధకుడు సంస్కరణ కార్యక్రమాల ఫలితాలను సమీక్షించి నిరాశ ప్రకటించగా, ఏదీ పనిచేయదన్న అభిప్రాయం అక్కడ పాతుకొనిపోయింది. 1979లో ఆయనే ఆ మాట సవరించుకొన్నా వినేవారు కరువయ్యారు. 1990లో కెనడా పరిశోధకులు ఆండ్రూస్, బొంటా, హోజ్ ఒక సూత్రం ప్రతిపాదించారు. మళ్ళీ నేరం చేసే ప్రమాదం ఎక్కువగా ఉన్నవారి మీద ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. తక్కువ ఉన్నవారిని అతిగా పట్టించుకొంటే మేలుకు బదులు కీడే జరుగుతుంది. మొదటిసారి తప్పుచేసిన కుర్రవానిని ఆరితేరినవారి మధ్య కూర్చోబెట్టి నీతిబోధ చేస్తే, అతడు నీతి కంటె వారి విద్యే ముందు నేర్చుకొంటాడు.

ఈ వృత్తిలో ఒక పీటముడి ఉన్నది. ప్రొబేషన్ అధికారి మిత్రుడూ అతడే, కాపలాదారూ అతడే. షరతు ఉల్లంఘన జరిగితే కోర్టుకు చెప్పక తప్పదు. ఆ సంగతి మొదటి రోజే విడుదలైన మనిషికి విప్పి చెప్పాలి. నష్టపోయినవారిని మరువరాదు, వారికి పరిహారం ఇప్పించే అధికారం 1958 చట్టమే కోర్టుకు ఇచ్చింది. ఖైదీ కూలిలో కొంత బాధితుల కోసం కేటాయించాలని సుప్రీంకోర్టు 1998లో చెప్పింది. బాధితుని గడప తొక్కని పునరావాసం సగం పునరావాసమే.

చివరగా రుసుము సంగతి. జీతం ప్రభుత్వం నుండో, సంస్థ నుండో, కంపెనీ నుండో రావాలి. ఖైదీ కుటుంబం నుండి ఒక్క రూపాయి కూడా పుచ్చుకోరాదు. విడుదల చేయిస్తానని మాట ఇవ్వరాదు. జైలు గేటు వద్ద ఆ రెండూ చేసే దళారులు ఇప్పటికే కావలసినంతమంది ఉన్నారు. వారికీ మీకూ తేడా ఆ గేటు దగ్గరే తెలియాలి.

సంపద కోరేవారికి ఈ వృత్తి తగదు. తొందర గలవారికీ తగదు. నెలల తరబడి చేసిన పని ఒక్క రాత్రిలో పాడు కావచ్చు. కాని 1954 నాటి చట్టం అడిగిన మనిషి కోసం నేటికీ వెదుకులాట సాగుతూనే ఉన్నది. ఖైదీ దరఖాస్తులో బాధ్యత స్వీకరించేవారి పేరు వ్రాయవలసిన చోట ఎవరి పేరూ లేకపోతే, లోపల ఒక మనిషి ఇంకా కొన్నేళ్ళు ఉండిపోతాడు. చదువుకొని, ఓర్పు గలిగి, ఆ చోట సంతకం చేయడానికి సిద్ధపడే యువతీ యువకులకు పని లేకపోవడమన్నది ఉండదు.